రెండు రిజిస్టర్ల మధ్య మా తాతమ్మ

నాకు రెండు పుట్టినరోజులున్నాయి. ఒకటి మా అమ్మ చెప్పేది, ఒకటి బడి చెప్పేది. 'పెద్ద గాలివాన వచ్చిపోయిన ఏడు, తొలకరి దుక్కులప్పుడు పుట్టావురా' అంటుంది మా అమ్మ. ఆ తుఫాను 1990 మే నెలలో వచ్చింది. అంటే నేను జూన్ ఆఖర్లోనో జూలైలోనో పుట్టి ఉండాలి. బడి లెక్కలో మాత్రం నేను 1989 జూన్ 1న పుట్టాను. 1994లో నన్ను ఒకటో తరగతిలో చేర్చుకున్న మేస్టారు అయిదేళ్లు నిండేటట్టు లెక్కేసి అలా రాశాడు. మా అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆమెనేమీ అడగలేదు. మతం గడిలోనూ, కులం గడిలోనూ కూడా ఆయనే రాసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా వాడ పిల్లల్ని కొట్టకుండా చదువు చెప్పినవాడు. మమ్మల్ని అడగాలన్న ఊహ ఆయనకి రాలేదు, అంతే.

ఇప్పుడు ఆ రిజిస్టరు నా చేతిలో ఉంది. మైలవరం పక్క పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరుని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ఏటా జూన్‌లో బడి తెరవగానే అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని కూచుంటాను. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం. మా మాలపల్లె పిల్లలొచ్చినప్పుడు మతం గడి దగ్గర నా కలం ఆగుతుంది.

2025 జూన్‌లో మా వాడ నుంచి ఒక తల్లి కొడుకుని చేర్పించటానికి వచ్చింది. పిల్లాడిది బైబిలు పేరు. మతం ఏం రాయమంటావమ్మా అన్నాను. ఆమె కాసేపు నేల చూపులు చూసి, 'నాకేం తెలుసన్నా. ఏది రాస్తే పిల్లోడికి దెబ్బ తగలదో అది రాయి' అంది.

పద్నాలుగేళ్లుగా ప్రతి ఏడూ అలా అన్న తల్లుల్ని చూస్తూనే ఉన్నాను. ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం రాయలేకపోయాను. 'రేపు రా చెల్లెమ్మా' అని పంపించాను. ఎందుకంటే అంతకుముందు తొమ్మిది నెలలుగా నేను మా ఇంటి పేర్లు వెతుకుతున్నాను. ఆ వెతుకులాటలో ఈ గడి గురించి నాకున్న ధైర్యం పోయింది.

*

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. ఆ బుడమేరు పుట్టేది మా మైలవరం చుట్టూ ఉన్న కొండల్లోనే. మా మేనత్త ఇల్లు సింగ్‌నగర్‌లో. నీళ్లు తీశాక చూసొద్దామని వెళ్తే అత్త డాబా మీద కాగితాలు ఆరబెట్టుకుంటోంది. ఇంటి పట్టా, పిల్లల పదో తరగతి మార్కుల లిస్టులు, గ్యాసు బుక్కు. ఒక్కోదాని మీద ఒక్కో రాయి. వాటి పక్కన మా నాయనమ్మ రేకు పెట్టెలోంచి తీసిన నాలుగు మడతల కాగితం ఒకటి. సిరా చెదిరిపోయింది. అచ్చు గీతల మధ్య సగం పేరు, ఒక సంవత్సరం మిగిలాయి. 1931. మా తాతకి పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం కాగితం అది.

'ఇది పారేద్దామారా? దీంతో మనకి పనేముంది. ఎవడన్నా చూస్తే పిల్లల ఉద్యోగాలకి అదో తంటా' అంది అత్త.

నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను. మా తాతకి తండ్రి ఎవరో, ఆయన పేరేంటో నాకప్పటికి సరిగ్గా తెలియదు. మా నాయన్ని అడిగితే 'మా తాతని అందరూ ఎట్టోడు అనే పిలిచేవాళ్లు. అసలు పేరు నేను వినలా' అన్నాడు. ఎట్టోడంటే వెట్టివాడు. ఊరి వెట్టి మా ముత్తాత. మునసబు పంపితే కచేరీకి తపాలా మోసేవాడు. శిస్తు కట్టండహో అని టముకు వేసేవాడు. దొరలు బస చేస్తే పొయ్యికి కట్టెలూ గుర్రానికి గడ్డీ మోసేవాడు. ఏ ఇంట్లో పుట్టుక జరిగినా, చావు జరిగినా మునసబుకి కబురు చేర్చేవాడు. మునసబు దాన్ని జనన మరణాల రిజిస్టరులో ఎక్కించేవాడు. అంటే ఊరందరి పేర్లూ పుస్తకంలోకి ఎక్కటానికి కాళ్లరిగేలా తిరిగిన మనిషి పేరు, సొంత మనవడికి తెలియదు.

ఊరి రికార్డుల్లో దొరక్కపోతుందా అనుకున్నాను.

మైలవరం ఒకప్పుడు జమీందారీ. ఆ జమీందార్ల ఆదరణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం గురించి నాటకరంగ చరిత్రలు రాసేవాళ్లు గొప్పగా చెప్తారు. వేషాలు వేసినవాళ్ల పేర్లు, పద్యాలు పాడినవాళ్ల పేర్లు వాటిల్లో దొరుకుతాయి. ఆ నాటకాల పందిళ్లకి గుంజలు పాతినవాళ్లెవరో దొరకదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. తర్వాత ప్రభుత్వం ఊరూరా సర్వే చేయించి సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ రాయించింది. ఏ సర్వే నెంబరు ఎవరిదో అందులో తేలుతుంది. ఇవాళ్టికీ పొలం తగాదా వస్తే 'ఎస్.ఎఫ్.ఏ.లో ఏముంది?' అని అడుగుతారు చూడండి, అది ఆ పుస్తకమే.

దరఖాస్తు పెట్టుకుని, తిరిగి తిరిగి, మా ఊరి పుటల నకళ్లు సంపాదించాను. చెరువు ఉంది. గుడి ఉంది. రాళ్లగుట్ట ఉంది, దానికీ ఒక పేరుంది. మా వాడ గ్రామకంఠంలో కలిసిపోయింది. మా పేర్ల మీద సెంటు భూమి లేదు. ఒక్కచోట మాత్రం నా వేలు ఆగింది. ఎకరం పైచిలుకు మెట్ట. వెట్టి సర్వీసు ఇనాం. అనుభవదారు పేరుండాల్సిన గడిలో 'మాల వెట్టి' అని రాసుంది.

ఇనాముల సంగతి కొంచెం చెప్పాలి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. మాన్యాలన్నిటికీ రిజిస్టర్లు కట్టింది. మొదట పుచ్చుకున్నవాడెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడెవరు, వాడి వయసెంత, ఇద్దరికీ చుట్టరికమేంటి అని గడులు గీసి రాయించింది. అగ్రహారం అనుభవిస్తున్నవాళ్లు ఇవాళ కూడా ఆ రిజిస్టరు పట్టుకుని తమ వంశం ఎక్కడిదాకా పోతుందో చెప్పుకోగలరు. దానం పుచ్చుకున్నవాడికి తాత ముత్తాతలు రికార్డులో ఉన్నారు. చాకిరీ చేసినవాడికి చాకిరీ పేరే మిగిలింది. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఆ ఎకరం ఏమైందో, ఎవరి చేతుల్లోకి పోయిందో అది వేరే కథ. భూమి నాకక్కర్లేదని కాదు. ఆ రోజు నేను వెతుకుతున్నది పేరు.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. అప్పుడు ఊరి దస్తరాలు కొన్ని ఆఫీసులకి చేరాయి, కొన్ని అటకల మీదే చెదలు తిన్నాయి. మునసబు రాసిన జనన మరణాల రిజిస్టరు మా ఊరిది చెదలుపట్టిన వాటిల్లోకే పోయింది. అక్కడితో ఊరి దారి మూసుకుపోయింది.

మనవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వాడ, ఏ గడీ వదలకుండా రాసే కాగితం ఒకటుంది. ఎఫ్.ఐ.ఆర్. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనవాళ్ల పేర్లు దేశమంతా చదివింది. చదవటానికి వాళ్లు చచ్చిపోవాల్సి వచ్చింది. బతికున్న మాలవాడికి, మాదిగవాడికి పేరెందుకు? ఒరేయ్ అంటే పలుకుతాడు.

*

డిగ్రీ చదివే రోజుల్లో సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివాను. హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసిన పుస్తకం. అలెక్స్ హేలీ అనే నల్లజాతి రచయిత తన పూర్వీకుల జాడ పట్టుకుంటూ ఆఫ్రికా దాకా పోయిన కథ, ఇంగ్లీషులో 1976లో వచ్చింది. అప్పుడు కథ కోసం చదివాను. ఎస్.ఎఫ్.ఏ. నకళ్లు చేతికొచ్చాక ఆ దేశపు రికార్డుల సంగతి తెలుసుకోవాలనిపించి చదివాను. అమెరికాలో 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకి విడిగా పట్టీలుండేవి. యజమాని పేరు రాసి, అతని కింద ఒక్కొక్కరి వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు. బానిస పేరు రాయలేదు. బానిసత్వం రద్దయ్యాక 1870 లెక్కల్లో వాళ్లందరి పేర్లూ మొదటిసారి ఎక్కాయి. అక్కడి దక్షిణాది పల్లెటూళ్లలో తాతల్ని వెతుక్కునే నల్లవాళ్లు 1870 దాకా వచ్చి గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతారట. ఆ గోడ దాటాలంటే యజమానుల కాగితాలే దిక్కు. వాళ్ల వీలునామాలు, అమ్మకం పత్రాలు, ఆస్తి జాబితాలు. గొడ్లూ గిన్నెలూ రాసిన వరుసలో ముత్తవ్వ పేరు దొరుకుతుంది.

అది చదివాక నా పని నాకే అవమానంగా తోచింది. మనల్ని కట్టేసినవాడి దస్తరంలో మన తాతని వెతుక్కోవటమేంటి? వాడు రాస్తేనే మా ముత్తాత ఉన్నట్టా? రాయకపోతే లేనట్టా? లేడని ఎవరంటారు, నేను బతికుండగా? కానీ ఉన్నాడని తెలియటం వేరు, ఆయనెవరో తెలియటం వేరు. రెండోది నాకు కావాలి. అందుకే జేబులోని కాగితం పట్టుకుని చర్చికి వెళ్లాను.

మా మెరక ప్రాంతంలో క్రైస్తవం చరిత్ర పాతదే. చర్చి మిషనరీ సొసైటీ దొరలు 1841లో బందరు వచ్చారు. మొదట బ్రాహ్మణ, వెలమ పిల్లలకి ఇంగ్లీషు చదువు చెప్పే బడి పెట్టుకున్నారు. మాలపల్లెలు వాళ్ల దగ్గరికి పోయింది తర్వాత. ఈ మెరకలోని రాఘవాపురం మాలపల్లె నుంచి పాగోలు వెంకయ్య 1859లో డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. ఆయన వెనకాల పల్లెలకి పల్లెలు కదిలాయి. ఒక సంగతి గమనించండి. ఆయన వెంకయ్యగానే చరిత్రలో నిలిచాడు. కొండమీది దేవుడి పేరు పెట్టుకునే ఏసు దేవుణ్ణి నమ్మాడు. పేరుకీ, మొక్కుకీ, పుట్టిన పల్లెకీ ముడి ఒక్కలా ఉండదని ఆయన పేరే చెప్తుంది.

మా వాళ్లు బాప్తిస్మం తీసుకున్న 1931 నాటికి దోర్నకల్ బిషప్పుగా అజరయ్య ఉన్నాడు. ఆ ఏడే జనాభా లెక్కలు జరిగాయి. దేశంలో అన్ని కులాలనీ లెక్కపెట్టి అచ్చేసిన ఆఖరి లెక్కలవి. వాటిల్లో మా ముత్తాత ఒక అంకె.

అయ్యగారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి ఇచ్చారు. అట్ట ఊడిపోయింది. కాగితాలు పసుపుపచ్చగా అయి అంచులు రాలుతున్నాయి. రెండు ఆదివారాలు పట్టింది ఆ పుట దొరకటానికి.

మా ముత్తాత పాత పేరుంది, కొత్త పేరుంది. ఇంటిపేరుంది. ఆయన తండ్రి పేరు కూడా ఉంది. వయసు సుమారు ముప్పై. వృత్తి గడిలో 'నేత' అని ఉంది.

నేత! ఆ మాట దగ్గర చాలాసేపు కూచున్నాను. మాలలు ముతక గుడ్డలు నేసేవాళ్లని, మిల్లు గుడ్డ వచ్చి మగ్గాలు మూలపడ్డాయని పుస్తకాల్లో చదివాను. మా ఇంట్లో మగ్గం ఉండేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఊరు ఆయన్ని 'మాల వెట్టి' అని రాసింది. ఆయన్ని ఒక మనిషి ఎదురుగా కూచోబెట్టుకుని 'నీ పనేంటి?' అని అడిగితే 'నేత' అని చెప్పుకున్నాడు. ఆ గడి ఆయన నోటితో చెప్పింది.

కింది వరుసలో మా తాతమ్మ. ఆమెకీ రెండు పేర్లు. పాత పేరు పెంటకుప్పకి సంబంధించింది. బిడ్డలు దక్కని తల్లి, తర్వాత పుట్టిన బిడ్డని పెంట మీద పొర్లించి పెట్టుకునే పేరు. వినేవాళ్లకి అది తిట్టులా ఉంటుంది. పెట్టిన తల్లికి అది మొక్కు. కొత్త పేరు బైబిల్లో పరాయి పొలంలో పరిగె ఏరుకున్న ఆడమనిషిది. ఎవరు ఎంచారో గానీ తెలిసే ఎంచారు. ఆమె వేలిముద్ర కూడా ఉంది, మసకబారిన చిన్న సున్నాలాగా. వృత్తి గడి మాత్రం ఖాళీ.

మా ఇంటి ఆడమనిషి పేరు నేను చూసిన రికార్డులన్నిటిలోకీ పాతది అదే.

చర్చిని ఆకాశానికెత్తటానికి నేనీ మాట చెప్పటం లేదు. ఆ రిజిస్టరులోనే కులం గడి ఉంది. అందులో 'మాల' అని ఉంది. దేవుడి ముందు అందరూ ఒకటేనని చెప్పిన పుస్తకం పక్కన పెట్టుకునే ఆ గడి నింపారు. మా చుట్టుపక్కల మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. పెళ్లి సంబంధాలు ఎవరివి వాళ్లవే. రెడ్డి, కమ్మ క్రైస్తవులు మా బల్లల మీద కూచోరు. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ పుస్తకం రాసినవాడు మా తాతమ్మని 'నీ పేరేంటమ్మా?' అని అడిగాడు.

*

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

1950 ఆగస్టులో రాష్ట్రపతి పేరున షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని అందులో ఉంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులకీ ముస్లింలకీ ఇవ్వలేదు. ఆంధ్రలో క్రైస్తవులైన దళితుల్ని వెనకబడిన కులాల సి గ్రూపులో, ఒక శాతంలో పెట్టారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతానికీ షెడ్యూల్డు కులానికీ ముడి విప్పెయ్యమని చెప్పింది. ముడి విప్పలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

కాబట్టి మా వాడలో ఇంటింటికీ రెండు పేర్లు. ఆదివారం పేరొకటి, ఆఫీసు పేరొకటి. మా తాతమ్మని మనిషిగా అడిగి రాసిన రిజిస్టరు మేం దాచుకోవాలి. మా ముత్తాతని 'మాల వెట్టి' అని పేరు లేకుండా రాసిన రిజిస్టరు పట్టుకెళ్లి ఆఫీసులో చూపించుకోవాలి. ఇది నేరమా, పాపమా, గతిలేనితనమా? పిల్లలకి అబద్ధం చెప్పకూడదని బోర్డు మీద రాసే నేను ఏమనుకోవాలి?

మా నాయన్ని అడిగాను. 'ఒరే, రాసేది పొట్టకి, మొక్కేది గుండెకి. రెండూ ఒకచోట కలిపితే రెండూ చెడతాయి' అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టలేను. ఆ మాట మీదే నేను చదువుకున్నాను.

మా నాయనమ్మ అలా కాదు. రేషను కార్డులు మార్చేటప్పుడు ఇంట్లో అందరివీ ఆఫీసు పేర్లు చెప్పారు. ఆమె దగ్గరికొచ్చేసరికి బైబిలు పేరు చెప్పింది. 'అట్టా చెప్పకే అమ్మా' అని మా నాయన గొణిగితే, 'రేపు పైన నన్ను ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాయించుకుంటా. నా ముసలి ప్రాణానికి ఉద్యోగం ఎవడిస్తాడు?' అంది. అందరూ నవ్వారు. ఇప్పుడాలోచిస్తే, ఆమెకి నిజం చెప్పే స్తోమత ఉంది. పోగొట్టుకోవటానికి ఏమీ లేనివాళ్లకే ఆ స్తోమత.

బౌద్ధం తీసుకున్న మిత్రుడొకడు నాతో ఎప్పుడూ వాదిస్తాడు. 'అంబేడ్కర్ 1956లో నాగపూర్‌లో దారి చూపించాడు. ఇప్పుడు చట్టం కూడా ఒప్పుకుంది. ఇక ఈ దొంగాట ఎందుకు?' అంటాడు. దారి గొప్పదే. నమ్మి నడిచేవాళ్లకి దండం పెడతాను. కానీ మా తాతమ్మ ఆ దారిన పోలేదు. నా సౌకర్యం కోసం ఆమె మొక్కుని నేను మార్చలేను.

'నిజాయితీ ఉంటే సి గ్రూపుకి పొండి' అనే పెద్దమనుషులున్నారు. వాళ్లకి నేను చెప్పేదొకటే. ఆ గడి దేవుణ్ణి అడుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ దాని మీద ఆధారపడేది అంటరానితనం లెక్క. ఊరు ఆ లెక్క ఎన్నడూ దేవుణ్ణి చూసి వెయ్యలేదు. 1931లో బాప్తిస్మం తీసుకున్న మర్నాడు మా ముత్తాత మళ్లీ టముకు పట్టుకునే పోయాడు. మునసబు అరుగు కిందే నిలబడ్డాడు. మా తాతకి చర్చిలో పెద్దరికం ఉండేది, హోటల్లో విడి గ్లాసు ఉండేది. కొట్టేవాడు 'నువ్వు ఆదివారం ఎక్కడికి పోతావురా?' అని అడిగి కొట్టడు. అయినా 2025లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న మనిషికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఒక కేసులో తీర్పు చెప్పింది. నిజం రాయించుకుంటే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. తిన్న దెబ్బ కులం దెబ్బ కాకుండా పోతుంది.

మన జాషువానే తీసుకోండి. పేరు బైబిలుది. 1941లో 'గబ్బిలం' రాసి కాశీలోని శివుడికి విన్నపం పంపించాడు. ఆయన్ని ఏ గడిలో పెడతారు? ఆయన బాధ ఏ గడిలోనిది?

ప్రశ్న తప్పుగా వేస్తే జవాబు నిజంగా ఎలా ఉంటుంది? కాబట్టి అబద్ధం మాది కాదు, ఆ గడిదే. చాలాకాలం నేనిలాగే సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ అందులో న్యాయం ఉందనే అనుకుంటున్నాను. కానీ చర్చి రిజిస్టరు చూశాక ఇంకోటి అర్థమైంది. ఈ సర్దుబాటుకి ఒక ఖరీదు ఉంది. ఆ ఖరీదు మనం ఇవాళ కట్టటం లేదు, చచ్చిపోయినవాళ్ల చేత కట్టిస్తున్నాం. అత్త ఆ తడి కాగితం పట్టుకుని 'పారేద్దామా' అంది చూడండి, అదీ ఖరీదు. మా ముత్తాత పేరుని ఊరి దస్తరం రాయలేదు. రాసిన ఒక్క కాగితాన్ని ఏ కరణమూ చింపక్కర్లేదు, ఏ చెదలూ తినక్కర్లేదు. పిల్లలు బాగుండాలని మనమే చింపి బుడమేట్లో కలిపేస్తాం. ఎన్ని రేకు పెట్టెల్లో ఎన్ని కాగితాలు అలా పోయాయో! రెండు తరాలు పోతే మనకి ఆఫీసు పేర్లే మిగులుతాయి. మనం ఎవరమో వాళ్లు రాసిందే నిజమవుతుంది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. నేను బాప్తిస్మం తీసుకోలేదు. ఈ వాక్యం నిజమే. కానీ రాస్తుంటే ఎవరో పై అధికారికి సంజాయిషీ రాసుకుంటున్నట్టుంది. నా ఇంటి కథ చెప్పుకునే చోట కూడా నాకు ఆ వాక్యం అవసరమైంది. తరాలుగా మా చేతికి పడ్డ వాత అది.

*

మర్నాడు ఆ తల్లి వచ్చింది. బెంచీ మీద కూచోమన్నాను. ఆమె నేల మీద కూచోబోతే వద్దన్నాను. ఇలా రాస్తే చట్టం ఇలా ఉంటుంది, అలా రాస్తే అలా ఉంటుంది, పిల్లాడు పెద్దయ్యాక ఏ కాగితం ఎక్కడ అడుగుతారు, ఏది తర్వాత మార్చటం కష్టం, అన్నీ నాకు తెలిసినంత విప్పి చెప్పాను. ఆమె విని, 'నువ్వేం రాయించుకున్నావన్నా?' అంది.

'నన్నెవరూ అడగలేదు చెల్లెమ్మా' అన్నాను.

ఆమె బయటికెళ్లి హైదరాబాదులో తాపీ పనికి పోయిన మొగుడితో ఫోన్లో చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చి ఒక మాట చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది ఆమె నిర్ణయం, ఆమె బిడ్డ బతుకు. సరైన జవాబు నాకు దొరికిందని కూడా అనను. ఆ గడి ఉన్నంతకాలం అందులో ఏది రాసినా ఒకవైపు తెగుతూనే ఉంటుంది. నాకు తెలిసిందల్లా, కలం చేతిలో ఉన్నవాడు అడగకుండా రాయకూడదు. పిల్లాడి మేలు కోరి కూడా రాయకూడదు. నా మేస్టారు మేలు కోరే రాశాడు.

ఆ తర్వాత ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. అది బడి రికార్డు కాదు, ఏ ఆఫీసులోనూ చెల్లదు. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకి శనివారం పని ఇచ్చాను. ఇంటికెళ్లి తాతనీ నాయనమ్మనీ వాళ్ల అమ్మానాన్నల పేర్లడగండి. రెండు పేర్లుంటే రెండూ రాయండి. వాళ్లేం పని చేసేవాళ్లని ఊరంటుందో కాదు, ఏం పని చేశామని వాళ్లు చెప్పుకుంటారో అది రాయండి. సోమవారం పిల్లలు కాగితాలు తెచ్చారు. ఒక తాత 'డప్పు కడతాను' అని రాయించాడు. ఒక అమ్మమ్మ 'పాటలు కడతాను' అని రాయించింది. ఒక పిల్ల వాళ్ల ముత్తాతకి మూడు పేర్లు రాసుకొచ్చి, 'సార్, ఏది కరెక్టు?' అని అడిగింది. మూడూ రాసుకో అన్నాను. కమ్మవారి పిల్లాడొకడు కూడా రాసుకొచ్చాడు. వాడికి ఏడు తరాలున్నాయి, అన్నీ మగ పేర్లే. మీ నాయనమ్మ వాళ్లమ్మ పేరడుగు అని పంపించాను.

ఇంటి కథ రాస్తూ నేను ఒక్క పేరు కూడా పూర్తిగా రాయలేదని మీరు గమనించే ఉంటారు. ఇంటిపేరు రాయలేదు, ఊరి పేరు రాయలేదు. అచ్చులో ఆ పేర్లు ఎవరి చేతిలో పడితే ఎవరి మీద అర్జీ అవుతాయో మీకు తెలుసు. నాకు తమ్ముళ్లూ, వాళ్లకి పిల్లలూ ఉన్నారు. ఇందులో నా పిరికితనం ఎంత, చట్టం పెట్టిన భయం ఎంత, వేరు చేసి చెప్పలేను.

నోటుబుక్కులో మాత్రం అన్నీ రాశాను. మొదటి పుటలో మా తాతమ్మ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టాను. వృత్తి దగ్గరికొచ్చి ఆగి మా నాయన్ని అడిగాను. ఆయన చుట్ట ఆర్పి కాసేపు గుర్తుచేసుకున్నాడు.

'జొన్న కోసేది. వాడలో పురుళ్లన్నీ ఆమే పోసేది. నేను కూడా ఆమె చేతుల్లోనే పడ్డానంట' అన్నాడు.

రెండు పనులూ రాశాను.